నాన్న దవడ

తిరుగుతున్న చక్రానికి కట్టుడు పళ్ళ గులాబీరంగు చిగుళ్ళను ఆనించి పళ్ళాయన మెరుగు పెడుతున్నాడు. మునివేళ్ళు సుద్దపొడితో తెల్లబారాయి, కనుబొమల మీదా అదే పొడి. పళ్ళ డాక్టరుగారి ముందుగదికి వెనక, కిటికీ లేని ఆ ఇరుకు గదిలో, పెళ్ళి ఆలోచన కూడా మరచిపోయి ఊళ్ళో సగం మందికి కట్టుడు పళ్ళు చేశాడు. వాటితో ఎవరెలా నవ్వారో ఎన్నడూ చూడలేదు.

ఈ సెట్టు మాత్రం తమ్ముడిది. డాక్టరుగారు సెలవులో ఉన్నారు కనుక వాడు ముందుగదిలో పెద్ద కుర్చీలో దర్జాగా వాలాడు.

"ఊడగొట్టిందీ నువ్వే, పెట్టేదీ నువ్వే. భలే వ్యాపారం అన్నయ్యా!"

"నేను ఊడగొట్టింది రెండే. మిగతావి నీ తాగుడికి పోయాయి."

ఆ రెండూ తండ్రిని కాటికి సాగనంపి వచ్చిన సాయంత్రం పోయాయి. ఆయన చేతిలో ఎవరు ఎక్కువ దెబ్బలు తిన్నారన్న దాని మీద మాటా మాటా పెరిగింది. తనే ఎక్కువ తిన్నానని రుజువు చేయడానికి అన్న తమ్ముణ్ణి కొట్టాడు. తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు. మొన్నొక రోజు తమ్ముడు బుగ్గలు లోతుకుపోయిన మొహంతో గుమ్మంలో నిలబడి, "మెత్తటివి తిని తిని విసుగొచ్చింది," అన్నాడు. క్షమాపణ అంటే అదే, ఇద్దరి తరఫునా. అన్న చిగుళ్ళ అచ్చు తీసే ముద్ద కలిపాడు.

ఇప్పుడు పళ్ళు కడిగి తెచ్చి, వాడి నోట్లో అమర్చాడు. తమ్ముడు టకటకలాడించి అద్దం అందుకున్నాడు. చూడగానే చేయి గాలిలోనే ఆగిపోయింది.

పళ్ళాయనా అప్పుడే చూశాడు. బుగ్గలు నిండాయి. కింది దవడ ముందుకొచ్చింది. పెదవి ఒక పక్కకి లాగింది. బెల్టు విప్పేముందు తండ్రి మొహం సరిగ్గా ఇలాగే ఉండేది. తెలియకుండానే అన్న వెనక్కి అడుగు వేశాడు. మోచేయి దానంతటదే మొహానికి అడ్డం లేచింది.

"నన్ను చూసి జడుసుకున్నావా?"

"నిన్ను కాదురా."

"నాకూ గుండె ఆగినంత పనైంది."

ఉన్నట్టుండి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుకి పళ్ళు జారి ఒళ్ళో పడ్డాయి. ఆ మొహంలో తండ్రి పోయి తమ్ముడు మిగిలాడు.

"కాస్త అరగదియ్యి అన్నయ్యా. ఈ మొహం పెట్టుకుని ఒంటరిగా పడుకోలేను."

లోపల మళ్ళీ చక్రం తిరిగింది. దాని రొదను మించి తమ్ముడు అరిచాడు: "నిజానికి నువ్వే ఎక్కువ దెబ్బలు తిన్నావులే. నేను మంచం కింద దూరేవాణ్ణి. ఆ వేళ ఒప్పుకోబుద్ధి కాలేదు."

పళ్ళాయనకు వినిపించింది. మళ్ళీ ఒక్కసారి అనిపించుకోవాలని, "ఏంటీ?" అన్నాడు.

"ఏం లేదులే. పని కానియ్."

దవడ అంచు పలచబడేదాకా, ముందుపళ్ళు కుదురుకునేదాకా ఓపిగ్గా అరగదీశాడు. ఈసారి తేడా రాదు. కడిగి తెచ్చాడు.

"నోరు తెరువు."

నోరు తెరిచే ఉంది. కళ్ళూ తెరిచే ఉన్నాయి. తల కుర్చీ దిండు మీద పక్కకి ఒరిగింది.

"ఒరేయ్," అన్నాడు. చెంప తట్టాడు, మెడ దగ్గర వేళ్ళు ఆనించి చాలాసేపు ఉంచాడు. రెండోసారి మరింత మెల్లగా పిలిచాడు, నిద్ర చెడగొట్టకూడదన్నట్టు. ఆ తర్వాత పళ్ళు అమర్చి, దవడ మూసి, ఎదుట నిలబడి చూశాడు. తండ్రి లేడు. తమ్ముడే.

కుర్చీ పక్కన పనిముట్ల పళ్ళెంలో, తమ్ముడు ఒలిచి రెండు ముక్కలుగా విడదీసిన కమలాపండు ఉంది. పెద్ద ముక్క అన్నయ్య నిలబడే వైపుకి జరిపి ఉంది.