సెల్మా పేరు మీద జింక

వేటకాలం మొదలైన మర్నాడు, ఆదివారం పొద్దున, పైక్ క్రాసింగ్ అనే ఊళ్ళోని కాఫీ హోటలు వేటగాళ్ళ నారింజరంగు కోట్లతో నిండిపోయింది. బయట మోకాలి లోతు మంచు. లోపల అందరి నోటా జింకల మాటే.

“నిన్న మా అత్తగారు మగజింకను పడగొట్టింది. ఇంతింత కొమ్ములు!” అన్నాడు గస్, చేతులు బారచాపి.

“ఆవిడకి తొంభై ఒకటి కదరా?”

“అయితేనేం? కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.”

“మంచం దిగే కొట్టిందా, పడుకునే కొట్టిందా?”

హోటలంతా గొల్లుమంది. గస్ మూల బల్ల వైపు తిరిగి, “రెనే, నువ్వేం వినలేదు సుమా!” అన్నాడు. అక్కడ కూర్చున్న వన్యప్రాణి అధికారి రెనే కూడా నవ్వేసింది. ఆమె ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగింది మరి.

ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డా ముందుగా జింక మాంసం కూర పట్టుకెళ్ళేది వాళ్ళే. కానీ ఒక వేట లైసెన్సుకు ఒకే జింక, దానికి కట్టే చీటీ, అంటే ట్యాగు, ఒక్కటే. కొట్టిన జింకకు ఆ ట్యాగు కట్టి, మర్నాడు సాయంత్రం ఐదులోగా ఫోనులో నమోదు చేయాలి. తన ట్యాగు అయిపోయినవాడు భార్య ట్యాగో అత్తగారి ట్యాగో కడతాడు. ఎన్నడూ తుపాకీ పట్టని వాళ్ళ పేర్లు జాబితాలోకి ఎక్కుతాయి. దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోరు. నవ్వుకునే తప్పు ఎవరికీ తప్పులా కనిపించదు.

ఆ సాయంత్రం రెనే జాబితా తెరిచి చూస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయింది. సెల్మా హాగెన్. ఆడ జింక. శనివారం.

సెల్మా పోయి ఆరు వారాలైంది. అంత్యక్రియలనాడు చర్చి వంటింట్లో గిన్నెలు కడిగినవాళ్ళలో రెనే ఒకతె.

ఈ ఫోన్లు రాకముందు జింకను తీసుకొచ్చి చూపించాల్సి వచ్చేది. హాగెన్‌ల దాణా కొట్టు అరుగు మీద ముప్ఫై ఏళ్ళు ఆ లెక్క రాసింది సెల్మాయే. దవడ తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పేది. రెనేకు ఆ విద్య నేర్పింది కూడా ఆవిడే. ఒక ఏడు సొంత భర్త ఆర్విడ్ గంట ఆలస్యంగా జింకను తెస్తే, తానే అధికారికి కబురు పెట్టి అతని మీద కేసు రాయించింది. ఆ సాయంత్రం అతనికి కడుపునిండా ప్యాన్‌కేకులు వేసి పెట్టింది. అంత్యక్రియల్లో అందరూ ఆ కథే చెప్పుకుని నవ్వారు, ఏడ్చారు.

సోమవారం రెనే వెళ్ళేసరికి ఆర్విడ్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. తలుపు పక్క కొక్కేనికి సెల్మా నారింజ కోటు అలాగే వేలాడుతోంది.

“నువ్వొస్తావని తెలుసు. కూర్చో అమ్మాయ్,” అన్నాడు.

“ఎందుకిలా చేశారు ఆర్విడ్?”

“తన లైసెన్సు ఆగస్టులోనే నా చేత కొనిపించింది. నవంబరుకల్లా లేచి తిరుగుతానంది.” కొక్కేనికున్న కోటు వైపు చూశాడు. “శనివారం జింకను కొట్టి ఫోను తీశాను. నా లైసెన్సు నంబరు నొక్కబోతే వేళ్ళు తన నంబరు నొక్కాయి. ఇన్నేళ్ళూ తను కొట్టిన జింకకూ నేనే నొక్కేవాణ్ణిగా. ఆ యంత్రం, ‘అభినందనలు, సెల్మా’ అంది. ఇక సరిచెయ్యబుద్ధి కాలేదు. తన ట్యాగే కట్టాను.”

రెనే కేసుల పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“నా ట్యాగు జేబులో మిగిలిపోయింది. నిన్న మరో జింక ఎదురుగా వచ్చి నిలబడింది. తుపాకీ ఎత్తాను కూడా.”

“కొట్టారా?”

“లేదు. ఏటేటా జింకను ‘కొట్టే’ గస్ అత్తగారు గుర్తొచ్చింది.”

ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. రెనే కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. “నంబరు పొరపాటని దిద్ది వదిలేస్తాను ఆర్విడ్. ఎవరికీ తెలియదు.”

“సెల్మా అయితే వదిలేసేదా?”

“...లేదు.”

“మరి రాయి.”

ఆమె కేసు రాసింది. జింక మాంసం చర్చి వంటింటికి పంపాలని రాసింది. ఆర్విడ్ సంతకం పెట్టి, “తన పేరు తీసేటప్పుడు నన్ను చూడనివ్వు,” అన్నాడు. రెనే వెంట తెచ్చిన కంప్యూటరు తెరిచి అతని వైపు తిప్పింది. సెల్మా పేరు పోయింది. ఆ చోట ఆర్విడ్ పేరు వచ్చింది. అతను చాలాసేపు చూశాడు. తర్వాత లేచి పెనం పొయ్యి మీద పెట్టాడు.

“ప్యాన్‌కేకులు తిని వెళ్ళు.”

మంగళవారం పొద్దున, సెల్మా పోయాక మొదటిసారి, ఆర్విడ్ కాఫీ హోటలుకు వచ్చాడు. టోపీ తీసి నిలబడే మాట్లాడాడు.

“ఈ ఏడు సెల్మా పేరు మీద ఒక జింక పడింది. కొట్టింది నేను. రెనే నా మీద కేసు రాసింది, రాయాలి కూడా. ఆ గడ్డు చలికాలం గుర్తుందా? మంచులో సగం జింకలు చచ్చిపోయాయి. మగజింకలు ఎన్ని మిగిలాయో, ఆడవి ఎన్నో సెల్మా పుస్తకం చూసే తెలిసింది. రెండేళ్ళు ఆడ జింకను ఎవరూ ముట్టలేదు. అందుకే ఇవాళ అడవిలో జింకలున్నాయి. మనం మంచమెక్కిన ముసలమ్మల చేత వేటాడిస్తే, ఎంతమందికి ఎన్ని దొరికాయో ఎవరికి తెలుస్తుంది? అడవి నిండా జింకలే అనుకుని వచ్చే ఏడు మరిన్ని ట్యాగులిస్తారు. ఆ తర్వాత మన మనవలు ఖాళీ అడవిలో కూర్చోవాలి.” టోపీ బల్ల మీద పెట్టాడు. “జాబితాలో సెల్మా పేరు ఇప్పుడు లేదు. అందులో మనం రాసే ప్రతి నిజమూ తనదే.”

ఆర్విడ్ కూర్చున్నాడు. ఎవరో అతని ముందు కాఫీ పెట్టారు.

గస్ లేచి, టోపీ చేతుల్లో నలుపుకుంటూ రెనే కూర్చున్న మూల బల్ల దగ్గరికి వచ్చాడు.

“రెనే, మా అత్తగారికి తుపాకీ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. ఆ జింకను కొట్టింది నేను. రాసుకో.”