పిట్టల కోసం తీసిన మీసం

బహ్లా ఊరి బయట, అర్బాబు అని పిలిచే అరబ్బు యజమాని చేపల గుంటల దగ్గర గణపతి డ్యూటీ ఏడేళ్లపాటు ఒక్కటే: పిట్టలను తరమడం. జగిత్యాల పక్క పల్లె నుంచి తాపీ పనికని వచ్చినవాడి చేతికి మొదటి రోజే ఒక నూనె డబ్బా, ఒక కర్ర ఇచ్చారు. చేపపిల్ల మీద కొంగ కన్ను పడితే డబ్బా మోగాలి. డ్యూటీ అన్నాక డ్యూటీయే కాబట్టి అతను ఆ పని మనసు పెట్టి చేశాడు. నాలుగో ఏడు వచ్చేసరికి డబ్బాతో పనే లేకుండా పోయింది. గుబురు మీసాలతో గణపతి గట్టెక్కితే చాలు, గుంటల మీద ఒక్క రెక్క మిగిలేది కాదు.

తర్వాత చేపలకు తెగులు తగిలింది. అన్నీ పోయాయి. గుంటల్లో తుంగ పెరిగింది. పిట్టలను చూడటానికి ఇంగ్లండు నుంచి మనుషులు వస్తారని అర్బాబుకు ఎవరో చెప్పారు. ఆయన గట్టు మీద ఒక చెక్క గది కట్టించి, దానికి సన్నటి కిటికీలు పెట్టించి, గణపతిని పిలిచి, ఇకమీదట పిట్టలను ఇక్కడే ఉంచడం నీ డ్యూటీ అన్నాడు.

వచ్చేవాళ్లు సెలవులు పెట్టుకుని, విమానమెక్కి వచ్చి, తెల్లవారుతూనే ఆ గదిలో చేరి, నోరు మూసుకుని నాలుగు గంటలు కూర్చుంటారట. గణపతికి తెలిసినంతలో దాన్ని వాచ్‌మన్ డ్యూటీ అంటారు.

సూపర్‌వైజర్ ఖమరుద్దీన్ కడప మనిషి. అసలు సంగతి అతనే తెచ్చాడు.

"శుక్రవారం మొదటి గుంపు వస్తాండాది. ఎనిమిది మంది. వాళ్లు ఏమీ సూడకుండా పోతే గుంటలు పూడ్చి ఖర్జూరం పెడతాడంట అర్బాబు. నీ వీసా క్యాన్సిల్."

"నన్ను జూస్తెనే లేస్తయి గద భాయ్. నేనేం జేయాలె?"

నీటి గేటు తిప్పాలన్నా, దొరలకు టీ మోయాలన్నా ఆ గట్టు మీద ఉన్న మనిషి గణపతి ఒక్కడే. దాక్కుంటే కుదరదు. నారింజ జాకెట్ విప్పి నీలంది వేసుకున్నాడు. పిట్టలు లేచిపోయాయి. ఖమరుద్దీన్ ఎక్కడి నుంచో తెచ్చిన తెల్లటి దిష్‌దాషా, అరబ్బులు వేసుకునే పొడుగు అంగీ, తొడుక్కుని పెళ్లికొడుకులా నడిచాడు. పిట్టలు లేచిపోయాయి. కొంగలు మరీ ముందు లేచాయి.

"బట్టలు కాదప్పా. నీ మీసం. అవి మీసాన్ని గుర్తుపెట్టుకున్నాయి" అన్నాడు ఖమరుద్దీన్.

గణపతి మీసాన్ని అరచేత్తో కప్పుకున్నాడు. వాళ్ల వైపు తల్లో తండ్రో పోతేనే మగవాడు మీసం తీస్తాడు. తండ్రి పోయినప్పుడు ఒకసారి తీశాడు. తల్లి లస్మవ్వ కోరుట్లలో కూతురి దగ్గర గుండ్రాయిలా ఉంది. బతికున్న తల్లికి ఎదురుగా మీసం తీయడమంటే ఆమె చావు కోరినట్టే. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గురువారం సాయంత్రం, వీసానే గెలిచింది. అద్దం ముందు తల్లికి దండం పెట్టుకుని మీసం తీసేశాడు.

మర్నాడు పొద్దున గట్టెక్కితే ఒక్క పిట్ట లేవలేదు. తెల్లకొంగలు అతన్ని చూసి మళ్లీ నీళ్లలోకి చూసుకున్నాయి. గణపతికి సంతోషమయింది. ఏడేళ్ల పరిచయాన్ని ఇంత తేలిగ్గా మరిచాయే అని బాధ కూడా అయింది.

ఎనిమిది మంది వచ్చి గదిలో సర్దుకున్నారు. అయితే వాళ్లు తెల్లకొంగల కోసం రాలేదు. తుంగలో తుంగలా, ముక్కు పైకెత్తి నిలబడే ఒక గోధుమరంగు కొంగ కోసం వచ్చారు. గణపతి దాన్ని దొంగకొంగ అంటాడు. అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. దుర్బిణులన్నీ అటు తిరిగాయి. రెండు గంటలు చూసినా వాళ్లకు తుంగే కనబడింది. డబ్బా కొట్టి లేపుదామంటే, పిట్టలను బెదిరించరాదని గోడ మీద వాళ్ల భాషలోనే రాసి ఉంది. పెద్దావిడ ఒకామె సంచి సర్దుకోసాగింది. ఖమరుద్దీన్ ముఖం వాడిపోయింది.

సరిగ్గా అప్పుడు జేబులో ఫోన్ వణికింది. శుక్రవారం ఎనిమిదింటికి భార్య కవిత వీడియో కాల్ చేస్తుంది. గణపతి గది వెనక్కి వచ్చి, మీసం సంగతి మరిచి, ఫోన్ ఎత్తాడు.

కవిత చూసింది. మీసం లేదు. నెత్తిన టోపీ ఉంది కాబట్టి గుండు కూడా అయిందనుకుంది.

"ఓ నా అత్తో! నన్ను బిడ్డలెక్క సూసుకుంటివే అత్తో! ఇగ నాకు దిక్కెవలే అత్తో!"

దూడ పంపకం దగ్గర గొడవపడి అత్తాకోడళ్లు మాట్లాడుకోక రెండేళ్లయింది. శోకానికి ఆ లెక్కలు ఉండవు. ఆ గొంతు గుంటలన్నిటి మీదుగా పోయింది. పిట్టలన్నీ లేచాయి. అన్నిటికంటే చివర, తిట్టుకుంటున్నట్టుగా, తుంగలోంచి దొంగకొంగ లేచి గది ముందు నుంచే ఎగిరిపోయింది. లోపల ఎనిమిది మంది నోళ్లు తెరిచి చప్పట్లు కొట్టారు. పెద్దావిడ ఏడ్చేసింది.

"సప్పట్లెవలు కొడుతున్నరు?" అంది కవిత, ఏడుపు ఆపి.

అర్బాబు గుంటలు పూడ్చలేదు. వచ్చే నెల గుంపుకు కూడా ఇంటి నుంచి అదే టైముకు ఫోన్ రావాలని కబురు పంపాడు. ఫోన్ రావడం బెదిరించడం కిందికి రాదని ఖమరుద్దీన్ తేల్చాడు. ఈలోగా, కోడలు తన కోసం అంతగా ఏడ్చిందని విన్న లస్మవ్వ మూట సర్దుకుని కవిత దగ్గరికే వచ్చేసింది. కవిత కాదనలేకపోయింది.

నెల తిరిగింది. గణపతి మీసం మళ్లీ గుబురుగా మొలిచింది. కొత్త గుంపు గదిలో కూర్చుంది. గణపతి చీకటుండగానే వచ్చి గది వెనకాల పిట్టలకు కనబడకుండా గొంతుకూర్చున్నాడు. ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది.

"ఏమని ఏడ్వాలె?" అంది కవిత. "అత్త నా పక్కనే కూసొని చిక్కుడుకాయ తుంచుతాంది."

గణపతి ఆలోచించాడు. ఊరు వెళ్లి మూడేళ్లయింది. ఇది పిట్టల సీజన్, సెలవు లేదని అర్బాబు మొన్ననే చెప్పాడు.

"నేనెప్పుడొస్తనో అడుగు" అన్నాడు.

కవిత అడగలేదు. అతని ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నోటి నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. గుంటల మీద ఒక్క పిట్ట కదల్లేదు. లోపల దుర్బిణులు ఎదురుచూస్తున్నాయి. దూరంగా ఖమరుద్దీన్ కానీయమని చెయ్యి ఊపుతున్నాడు.

గణపతికి కూడా ఏడుపొచ్చింది. చేత్తో మీసం తుడుచుకున్నాడు. కవితకు కనబడేలా ఫోన్ గుంటల వైపు తిప్పి పట్టుకుని, గట్టు మీద లేచి నిలబడ్డాడు.

పిట్టలు గుర్తుపట్టాయి.