నోరు పెద్ద మువ్వ

నేను ఒక జత వెండి పట్టీలని. జతయితే 'మేము' అనాలి కదా అంటారేమో. రెండు కాళ్లున్న మీరు 'నేను' అనుకోవడం లేదా, నేనూ అంతే.

నన్ను చేసింది బొబ్బిలి కంసాలి అప్పలాచారి. గొలుసు వెండిది, మువ్వలు మాత్రం ఇత్తడివి. వెండి మువ్వ మెత్తగా మూలుగుతుంది, ఇత్తడిదైతే గలగలమంటుంది అని ఆయన నమ్మకం. కాలికి అయిదేసి మువ్వలు. అందులో ఒకదానికి చీలిక కాస్త వెడల్పుగా కోసేశాడు. మనవరాలు పిలిస్తే అటు తల తిప్పాడు, చెయ్యి జారింది. "దీనికి నోరెక్కువైపోయింది" అని తనలో తనే నవ్వుకుని అలాగే అతికేశాడు. ఆ మువ్వని మాత్రం గుర్తుపెట్టుకోండి.

నన్ను కొనుక్కున్నది పైడమ్మ. తన కొడుకు సింహాచలం పాకే వయసులో కొంది. వాడు నన్ను పట్టుకుని చప్పరించేవాడు, ఆ చొంగ నాకింకా గుర్తే. వాడి కాళ్లు పెరిగాక పాత పంచె ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. పాతికేళ్లు పడుకుని నల్లబడిపోయాను. మీకు జుట్టు తెల్లబడితే దిగులు, మాకు ఒళ్లు నల్లబడితే దిగులు.

సింహాచలం నీలవేణిని చేసుకున్నాడు. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. ఇల్లంతా అడుగులు లెక్కపెట్టుకుని తిరుగుతుంది. చింతచిగురు ఏరిందంటే ఒక్క పుల్ల మిగలదు. వాళ్లకి గౌరి పుట్టి పాకడం మొదలెట్టగానే పైడమ్మ నన్ను తీసి పిల్ల కాళ్లకి పెట్టింది. నల్లగానే పెట్టింది, నేను మోగాను. ఆ రోజునుంచి నీలవేణికి కళ్లు నేనే. మంచం కిందకి దూరితే ఒక మోత, గడప దాటితే ఇంకో మోత. "కుడిపక్కకెళ్తోంది గుంట" అని పిల్ల జాడ కూర్చున్నచోటినుంచే చెప్పేది.

పిల్ల తొలి పుట్టినరోజు వచ్చింది. చుట్టాలొస్తారని పైడమ్మ పొద్దున్నే ఇత్తడి బిందెలూ చెంబులూ ముందేసుకుని చింతపండూ ఇటుక పొడీ పెట్టి తోముతోంది. నా నలుపు కంటబడింది. వియ్యపురాలి ముందు పరువు పోతుందని ఆ కుప్పలో నన్నూ పడేసింది. ఇత్తడికి చింతపండు మంచిదే, కాదనను. వెండికి ఇటుక పొడి ఏమిటి తల్లీ? ఒళ్లంతా గీతలు. పులుసూ పొడీ కలిసిన ముద్ద మువ్వల్లోకి దూరి, ఎండలో ఆరి, రాయిలా బిగుసుకుపోయింది. మెరుస్తున్నాను గాని నోట మాట లేదు. పిల్ల నిద్రలో ఉండగానే నన్ను తగిలించి, నేల పొయ్యి మీద గారెల మూకుడు పెట్టి, అరిటాకులకని పైడమ్మ పెరట్లోకి వెళ్లింది.

నీలవేణి ముందుగదిలో పిల్ల పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మోగితే లేచినట్టే కదా అని ఆమె ధీమా. గౌరి లేచింది. చడీచప్పుడు లేకుండా వంటింటివైపు పాకింది. నూనె మరుగుతోంది. నేను ఎంత ఊగినా గొంతు పెగల్లేదు.

వంటింటి గడపకి ఆ నోరు పెద్ద మువ్వ తగిలింది. చీలిక వెడల్పు కదా, ముద్ద ఊడి రాలింది. ఒక్కసారి టింగుమంది.

ఎనిమిది అడుగులు. ఏనాడూ పరుగెత్తని నీలవేణి ఆవేళ పరుగెత్తింది. పిల్ల చెయ్యి మూకుడుకి జానెడు దూరంలో ఉండగా కాలు పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె పిడికిట్లో నేనే ఉన్నాను.

ఆకులతో వచ్చిన పైడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నీలవేణి పిల్లని గుండెకి అదుముకుని, నన్ను చెవి దగ్గర ఆడించి చూసింది.

"అత్తా, పట్టీలకేటి చేసేవు?"

"మెరవాలని తోమేనే."

"నాకు మెరుపెందుకత్తా. నాకు గుంట వినపడాలి."

పైడమ్మ ఆకులు కింద పెట్టేసింది. మూకుడు దింపేసింది. గోరువెచ్చటి కుంకుడు పులుసులో నన్ను నానబెట్టి, చీపురుపుల్లతో ఒక్కొక్క మువ్వా గీకి కడిగింది. మెత్తటి పాత చీరముక్కతో ఒత్తి, నీడలో ఆరబెట్టింది. పదింటినీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాకే మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. చుట్టాలొచ్చే వేళకి గారెలు కాలేదు. నీలవేణి తల్లి నన్ను ఎగాదిగా చూసి, ఈ గీతలేటి వదినా, పిల్లి గీరిందా అంది.

"నేనే గీరేను వదినా. చెవిపెట్టి విను" అంది పైడమ్మ.

ఇప్పుడు గౌరి రెండో తరగతి. నేను దాని కాళ్లకి పట్టను, బడిసంచికి వేలాడుతున్నాను. నెలకోసారి పైడమ్మ కుంకుళ్లు నానేస్తే నీలవేణి తడిమి తడిమి కడుగుతుంది. మువ్వల సందుల్లో కాస్త నలుపు ఉండిపోయింది, దాని జోలికి ఎవరూ పోరు. సాయంత్రం వీధి చివర ఇరవై మంది పిల్లలు గోలగోలగా వస్తారు. ఆ గోలలో నేను మోగుతాను.

"అత్తా, పాలు పొయ్యి మీద పెట్టు. గుంట వచ్చేసింది" అంటుంది నీలవేణి.

పైడమ్మ వీధిలోకి తొంగి చూస్తుంది. ఇంకా ఎవరూ కనపడరు. అయినా వెళ్లి పాలు పెడుతుంది.