గుర్తింపు ఎవరిచ్చారు?

మనిషన్నాక కాస్తో కూస్తో అనుమానం ఉండాలి, కాదనను. కానీ ఈ పిల్లకున్నంత ఉండకూడదు. మందుల గోడౌనులో, లోపలికొచ్చే సరుకు చూసే బల్ల దగ్గర ఆమె పని. పెట్టె మీద అంతా పక్కాగా అచ్చేసి ఉన్నా సరే, తయారుచేసిన కంపెనీకి ఫోను చేసి "ఈ బ్యాచి మీదేనా?" అని అడిగితే గానీ షెల్ఫు ఎక్కించదు. అందుకే గోడౌనంతా ఆమెను సందేహాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది సాక్షాత్తూ ఆమె వదిన. ఆ పని నేర్పిందీ వదినే. ఆ గోడౌనుకు మేనేజరూ వదినే.

అలాంటి సందేహాలమ్మ ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో, తెరిచిన డబ్బా ముట్టుకోకుండా, ఫోనులోకి చూస్తూ చెమటలు కక్కుతోంది.

సంగతేమిటంటే, షిఫ్టు ఇన్‌ఛార్జి పోస్టు ఒకటి ఖాళీ అయింది. కంపెనీని కొత్తగా కొనుక్కున్నవాళ్ళు దానికో మెలిక పెట్టారు. మేనేజ్‌మెంటు డిగ్రీ ఉండాలి, లేదంటే కనీసం చేరి ఉండాలి. ఆన్‌లైన్ డిగ్రీ అయినా ఫరవాలేదు గానీ, ఆ బిజినెస్ స్కూలుకు తాము ఒప్పుకునే సంస్థల గుర్తింపు ఉండి తీరాలి. ఏ స్కూలో తేల్చి చెప్పడానికి ఆ రోజే ఆఖరు. "ఇందులో ఆలోచించడానికేముందే? నేను చదివినచోటే చేరు," అంది వదిన. ఇంకో ఆడపడుచైతే సరేననేది. ఈమె మాత్రం నాలుగు స్కూళ్ళు ముందేసుకుని కూర్చుంది.

మొదటిదానికి ప్రపంచమంతా పేరున్న గుర్తింపు. కానీ ఏటా కొన్ని వారాలు అక్కడికి వెళ్ళి ఉండాలట. లారీ మీంచి పడి నడుం విరిగి మంచం పట్టిన అన్నయ్యను ఎవరు చూస్తారు? రెండోదానికీ గుర్తింపు ఉంది, అయితే తరగతిలో కూర్చుని చదివే కోర్సుకు మాత్రమే. ఆన్‌లైన్ కోర్సుకు లేదు. ఆ ముక్క పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో దాచారు, దొంగవెధవలు! మూడోదాని వెబ్‌సైటు చూస్తే ఏడుపొస్తుంది. ఒక బొమ్మ లేదు, నవ్వుతున్న మొహం ఒక్కటీ లేదు. చూడగానే పక్కన పెట్టేసింది. నాలుగోది వదిన చదివిన స్కూలు. దాని మొదటి పేజీలోనే బంగారు రంగు ముద్ర, చుట్టూ ఆకులు, కింద 'అంతర్జాతీయ గుర్తింపు' అని ధగధగలాడుతూ అక్షరాలు.

మనసు దాని మీదే నిలిచింది. అయినా అలవాటు చొప్పున ఆ ఉదయమే హెచ్.ఆర్. ఆఫీసరుకు మెయిలు పెట్టింది: ఈ స్కూలు గుర్తింపు చెల్లుతుందో లేదో చూసి చెప్పగలరు, మా వదిన, అంటే మన మేనేజరు గారు కూడా ఇక్కడే చదివారు. ఆ రెండో వాక్యం ఎందుకు రాసిందంటారా? వదిన పేరు చెబితే పని తొందరగా అవుతుందని! ఇంకెవరి మీదైనా అనుమానపడుతుంది గానీ వదిన మీద పడుతుందా?

పంపి ఊరుకుందా? ఊరుకుంటే సందేహాలమ్మ ఎలా అవుతుంది? డబ్బా తెరిచి, తినకుండా, ఆ బంగారు ముద్ర ఇచ్చినవాళ్ళెవరో వెతికింది. ఆ సంస్థ ఉన్నది స్కూలున్న భవనంలోనే, పై అంతస్తులో. అది గుర్తింపు ఇచ్చిన స్కూలు ప్రపంచంలో ఇదొక్కటే. ఆ సంస్థ అధ్యక్షుడు ఓ వీడియోలో మైకు పట్టుకుని, "ఈ స్కూలు మా బావగారి కష్టం" అని మురిసిపోతున్నాడు. బావగారి స్కూలుకు బావమరిది గుర్తింపు! ఇంట్లోవాళ్ళే పేపర్లు దిద్దుకుంటే ఇంక ఫెయిలయ్యేదెవరు? కంపెనీ ఒప్పుకున్న సంస్థల్లో ఆ పేరు కోసం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది. లేదు.

వదిన మేనేజరు అయింది ఆ డిగ్రీ చూపించే. పాతవాళ్ళు చూసి తల ఊపారు, కొత్తవాళ్ళింకా పాత ఫైళ్ళ జోలికి పోలేదు. ఇప్పుడు మెయిల్లో వదిన సంగతి రాసి, ఆ ఫైలు తెరవమని తనే చెప్పినట్టయింది. అన్నయ్య మంచాన పడ్డప్పటి నుంచీ ఇల్లు నడుస్తున్నది ఆ ఉద్యోగం మీదే.

మెట్లన్నీ పరుగున ఎక్కింది. హెచ్.ఆర్. ఆఫీసరును అందరూ సారీ గారంటారు, ఆ మాట లేకుండా ఆయన నోరు తెరవడు.

"సారీ అమ్మా, కూర్చోండి. మీ మెయిలు సంగతే చూస్తున్నా."

"సార్, అది పొరపాటున పంపాను. తీసేయండి సార్. నేను ఆ స్కూల్లో చేరట్లేదు."

"సారీ అమ్మా, మీరు చేరకపోయినా..." ఆయన నీళ్ళు నమిలాడు. "మీ దగ్గర ఒక పెట్టెలో తేడా కనబడితే ఏం చేస్తారు చెప్పండి?"

ఏం చేస్తారో ఆమెకు తెలియదా? ఆ బ్యాచి పెట్టెలు ఏ షెల్ఫులో ఉన్నా అన్నిటికీ ఎర్ర చీటీ కట్టి ఆపేస్తారు. ఆ చీటీలు రోజూ కట్టేది ఆమే.

"మనుషులు పెట్టెలు కాదు కదా సార్! మీ కాళ్ళు పట్టుకుంటాను, నా మెయిలు చూడలేదనుకోండి."

"సారీ అమ్మా. పైకి పంపేశాను." ఆయన తల వంచుకున్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం.

వదిన కోల్డురూములో ఉంది, మందపాటి కోటు వేసుకుని ఇంజక్షన్ల పెట్టెలు సర్దిస్తూ. సందేహాలమ్మ పక్కకు పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. వదిన ముందు నవ్వింది. "నీకు పిచ్చి ముదిరిందే," అంది. తర్వాత ఫోను తీసుకుని చదివింది. ఆ వీడియో రెండుసార్లు చూసింది.

"నన్నొక్క మాట అడిగితే నీ నోరు పడిపోయేదా?" అని కసిరింది. "పక్క బల్ల దగ్గరే ఉన్నాను కదే!"

"నీ స్కూలు గనక కళ్ళు మూసుకుని పంపాను వదినా."

వదిన గొంతు దిగిపోయింది. "మూడేళ్ళు చదివానే. మీ అన్నయ్య మూలుగుతుంటే పక్కన స్టూలేసుకుని చదివాను. ఒక పేపరు తప్పితే మళ్ళీ రాశాను. దొంగ స్కూలైతే నన్నెందుకు తప్పించారే?"

"ప్రతి పెట్టెకీ ఫోను చేయమని నేర్పావు, అప్పుడు నువ్వెందుకు చూడలేదు?" అని సందేహాలమ్మ అడిగింది ఏడుస్తూ.

"చూస్తే లేదని తేలుతుందేమోనని భయం. అప్పటికి నాకు అదొక్కటే దారి," అంది వదిన.

సాయంత్రం కాకముందే సారీ గారు వచ్చాడు. మందుల వ్యవహారం కదా, అర్హత తేలని మనిషి సంతకంతో ఒక్క పెట్టె కూడా గేటు దాటకూడదట. విచారణ అయ్యేదాకా వదిన ఇంట్లో ఉండాలి. సీనియారిటీ ప్రకారం సరుకు లెక్కచూసి తాళాలు అందుకోవలసింది ఎవరనుకున్నారు? ఆడపడుచే.

"నాకిచ్చెయ్ వదినా, నేను లెక్కచూడను. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు," అంది సందేహాలమ్మ, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"తన్నేస్తాను. ప్రతి పెట్టే చూడు. రేపొకటి తగ్గితే అది కూడా నా నెత్తినే రుద్దుతారు." వదిన కోటు విప్పి కొక్కేనికి తగిలించి, గుమ్మం బయట నిలబడింది. కట్టుకున్న చీర మీదే ఆ చలికి వణుకుతోంది, కానీ కదలలేదు. లోపల ఆడపడుచు ఒక్కో పెట్టే తీసి, పరాయి సరుకును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తూ, పైకి లెక్కపెట్టింది. ఆ గోడౌనులో ఆ పని ఆమెకెప్పుడూ ఇంత బరువనిపించలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

తాళాలిచ్చాక వదిన అడిగింది. "ఇంతకీ ఏ స్కూలు పెట్టావు?"

"ఏదీ పెట్టలేదు. నాకొద్దు ఆ డిగ్రీ, ఆ పోస్టూ."

"నోర్ముయ్. నా జీతం ఆగిపోయి, నీదీ పెరగకపోతే మీ అన్నయ్య ఏమైపోవాలి? తియ్యి ఫోను."

ఇద్దరూ పెట్టెల మీద కూర్చున్నారు. పక్కన పెట్టేసిన ఆ ఏడుపుగొట్టు వెబ్‌సైటే తెరిచారు.

"గుర్తింపు ఇచ్చినవాళ్ళ సైటులో దీని పేరుందా?"

"ఉంది వదినా."

"ఆన్‌లైన్ కోర్సుకేనా?"

"దానికే."

"మనవాళ్ళు వాళ్ళని ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు."

"మళ్ళీ చూడు," అంది వదిన.

మళ్ళీ చూసింది. ఉంది. కంపెనీ దరఖాస్తులో ఆ స్కూలు పేరు రాసి, మిగతా వివరాలన్నీ నింపుతూ వచ్చి, 'మీ పై అధికారి' అన్నచోట అలవాటుగా వదిన పేరు కొట్టింది. వదిన ఫోను లాక్కుంది.

"నా పేరు ఇందులో ఉండకూడదే. నీక్కూడా అంటుకుంటుంది."

తన పేరులోని అక్షరాలు ఒక్కొక్కటీ తనే చెరిపేసి, సారీ గారి పేరు రాసి, ఫోను ఆడపడుచు చేతిలో పెట్టింది.

"పంపు," అంది.