నలభై రెండు అంగుళాలు

మా అమ్మాయి ఎత్తెంతని ట్రావెల్ ఏజెంటు అడిగింది. నేను కుర్చీలోంచి లేచి, బెల్టు దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

నేను దర్జీని. మనిషి గుమ్మంలో అడుగు పెడితే చాలు, టేపు తియ్యకుండానే కొలత చెప్పేస్తాను. నా చెయ్యి ఉన్నచోటు నలభై రెండు అంగుళాలు.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "వయసు తొమ్మిదని రాశారు కదండీ. మీరు చూపించింది అయిదేళ్ళ పిల్ల ఎత్తు."

విడాకులయ్యాక వాళ్ళమ్మతో వెళ్ళిపోయేనాటికి పిల్లకి అయిదేళ్ళే. తర్వాత నెలకో ఫోను, అంతే. ఈ వేసవిలో మూడు రోజులు పంపిస్తానని వాళ్ళమ్మ ఒప్పుకుంది. పిల్లకి నచ్చితేనే మళ్ళీ పంపేదట. ఈ మూడు రోజులూ చెడితే ఇక నాకు కూతురు లేనట్టే. అంతా తెలుసు, అయినా గుండె దడదడలాడదు. నాలుగేళ్ళుగా తింటున్నాను, కుడుతున్నాను, పడుకుంటున్నాను. కన్నకూతురి ఎత్తు తప్పు చూపించినందుకు సిగ్గు కూడా రాలేదు. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఆ మూడు రోజుల్లో పిల్లని తీసుకెళ్దామనుకున్న థీమ్ పార్కులో ఒక్కో ఆట దగ్గర ఒక్కో ఎత్తుకి గీత గీసి ఉంటుందట. గీతకి తగ్గితే ఎక్కనివ్వరట. అక్కడిదాకా వెళ్ళాక ఏడుపులూ పెడబొబ్బలూ ఎవరు పడతారంటూ ఏజెంటు నాచేత పిల్లకి ఫోను చేయించింది. నా చేతిలోంచి తీసుకుని, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

నా కూతురు చెబుతూ పోయింది, ఆవిడ రాసుకుంటూ పోయింది. ఎత్తు యాభై నాలుగు అంగుళాలు. వేరుశనగ పడదు, తింటే ఒళ్ళంతా దద్దుర్లు. గిరగిరా తిరిగేవి వద్దు. నీళ్ళలో ఆటలు ఎన్నైనా సరే, ఈత వచ్చు. ఎప్పుడు నేర్చుకుందో! పక్కింటివాళ్ళ పిల్ల గురించి విన్నట్టు విన్నాను. ఊరందరి నడుము కొలతలూ నాకు కంఠతా వచ్చు, ఏం లాభం.

"అయిపోయింది తల్లీ. ఇంకేమైనా రాయాలా?" అంది ఏజెంటు.

"నాన్న గురించి రాయండి. నాన్నకి ఎత్తంటే భయం. బల్బు మార్చడానికి స్టూలెక్కితే నేనే కాళ్ళు పట్టుకునేదాన్ని. పైకెళ్ళేవాటికి నాన్నని ఎక్కించకండి. నేనొక్కదాన్నే ఎక్కుతా. నాన్న కింద నిలబడి చూస్తే చాలు."

నిజమే. రెండు చేతులతో మోకాళ్ళ దగ్గర గట్టిగా పట్టుకుని, పడకు నాన్నా, పడకు, అంటూ ఉండేది.

రాయమంటారా అని ఏజెంటు నా వైపు చూసింది. తలూపాను. నాలుగేళ్ళ తర్వాత ఏడుపొచ్చింది. ఆవిడ కలం పక్కన పెట్టి తల తిప్పుకుంది.

"నాన్నా, ఉన్నావా?" అంది ఫోనులోంచి.

"ఉన్నానమ్మా," అన్నాను.