పచ్చికలో పొడిచిన బొక్కలు

ఆకులు రాలే కాలం. అన్నయ్య సంచిలో బట్టలు కుక్కుతుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ గోల్ఫ్ మైదానంలో గడ్డి పెంచేవాళ్లే.

"పట్టులాంటి గడ్డిని జల్లెడ చేసి పోతున్నావు. ఈ బొక్కలు పూడకపోతే మేనేజరు నన్ను నమిలేస్తాడు, అన్నయ్యా."

"ఆటకొచ్చేవాళ్లు వేసవంతా తొక్కితే నేల బిగుసుకుపోయిందే, పిచ్చిమొహమా. దానికి గాలాడద్దూ? అందుకేగా ఊచలతో పొడిచింది. బొక్కల్లో ఇసుక నింపాంగా, గడ్డే కమ్ముకుంటుంది. పక్క ఊరి మైదానంలో కూడా ఇదే పనికి పిలిచారు. పది రోజుల్లో వచ్చి చూస్తాలే."

నమ్మకం కుదరక ఆమె రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద వంగి ఒకే బొక్కను చూసేది. మొదట చొక్కా గుండీ అంత ఇసుక కనబడింది. వారానికి అది మిరియపు గింజంత అయింది. పదకొండో రోజు ఎంత వెతికినా దొరకలేదు. ఆమెకు నవ్వొచ్చింది.

అన్నయ్య ఆ ఏడు రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. ఎందుకో ఆమెకు తెలియలేదు, ఆ వెలితి మాత్రం పూడలేదు.