వీధి దాచిన మాట

ఆ రోజుల్లో టీవీలో వారానికొక కొత్త నాటకం వచ్చేది. ఈ వారం చూసిన మనుషులు వచ్చే వారం ఉండరు. కథా వేరే, రాసినవాళ్లూ వేరే. మొదట్లో అన్నీ పెద్దింటి హాళ్లలో జరిగే కథలే. తర్వాత వంటిళ్లూ, ఫ్యాక్టరీ గేట్లూ, అద్దె గదులూ వచ్చాయి. అలాంటివి రాసేవాళ్ల కోసం లండన్ టీవీవాళ్లు ఇంగ్లండ్ ఉత్తరాది ఊళ్లు గాలిస్తున్నప్పుడు, హల్ అనే చేపల రేవులో పెరిగిన నోరిస్ నాటకం ఒకటి ఎంపికైంది.

అది ప్రసారమయ్యే రోజు అక్క హిల్డా వీధినంతా ఇంటికి పిలిచింది. చేపల షెడ్డులో పని ముగించుకొచ్చి, వాసన పోయేదాకా చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుంది. హామ్ శాండ్‌విచ్‌లు చేసింది. పక్కింటి గార్బట్ ఆంటీ తన కుర్చీ తనే మోసుకొచ్చింది.

"మా తమ్ముడి పేరు మొదట్లోనే పడుతుంది. ఎవరూ మాట్లాడకండి" అంది హిల్డా.

నోరిస్ తన శాండ్‌విచ్ ముట్టుకోలేదు. నాటకంలో ఏముందని అక్క ఎన్నిసార్లు అడిగినా, "చూస్తావుగా" అని తప్పించుకుంటూ వచ్చాడు.

అందులో ఒకావిడ భర్త దొంగసరుకు కేసులో జైల్లో ఉంటాడు. ఆవిడ మాత్రం ఓడ మీదికి వెళ్లాడని చెప్పుకుంటుంది. పిల్లలకు బొమ్మలు తనే కొని, నాన్న పంపాడంటుంది. "ఈసారి ఐస్‌లాండ్ వైపు వెళ్లారట, ఒకటే చలట" అని ఆవిడ రొట్టెల కొట్లో అంటున్నప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు. అది హిల్డా మాట. భర్త ఆల్ఫ్ గురించి ఆమె ఎప్పుడూ చెప్పే మాట.

హిల్డా టీ కెటిల్‌తో గుమ్మంలోనే నిలబడిపోయింది. మెడ దాకా ఎర్రబడింది. కాసేపటికి, "ఇంకొంచెం టీ ఎవరికైనా?" అంది. అందరూ కప్పులు చాపారు.

నాటకం అయిపోయాక, "బాగుంది నాయనా" అంటూ ఒక్కొక్కరే ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయారు. నోరిస్ గార్బట్ ఆంటీ కుర్చీ మోసుకుంటూ వెంట వెళ్లాడు.

"ఆంటీ, అది అక్క గురించని ఎవరికీ తెలియలేదు కదా?"

"తెలియకపోవడమేంట్రా? ఆల్ఫ్‌ని పోలీసులు పట్టుకెళ్లిన రోజే తెలుసు. ఏ ఓడలో ఎవడున్నాడో ఈ వీధికి తెలియదా? తెలిసే, అక్కడ చలెలా ఉందని పనిగట్టుకుని అడిగేవాళ్లం. మీ అక్క తలెత్తుకు తిరగాలని. ఇప్పుడేం అడగమంటావ్? రేపు దాని మొహం ఎలా చూడమంటావ్?"

నోరిస్ కుర్చీని ఆమె గుమ్మంలో దించాడు. నిజాన్ని ధైర్యంగా చూపించావని లండన్‌లో మెచ్చుకున్నారు. ఆ నిజాన్ని తనొక్కడే చూశాననుకున్నాడు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది.

ఇంట్లో హిల్డా కప్పులు కడుగుతోంది.

"అక్కా..."

"ఒక్క మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నావ్ రా. నా టీ తాగుతూ, నా ఎదురుగా కూర్చుని చేసింది ఇదన్నమాట."

"తప్పయింది."

"నా వేషం వేసిన పిల్ల బాగానే చేసింది. కానీ నేనంత ఏడవలేదు" అని తువ్వాలు అతని చేతికిచ్చింది.

మర్నాడు రొట్టెల కొట్లో వాళ్లిద్దరూ అడుగుపెట్టగానే వరసలో మాటలు ఆగిపోయాయి. గార్బట్ ఆంటీ వాన సంగతి ఎత్తింది.

"ఆల్ఫ్ మార్చిలో విడుదలవుతాడు" అంది హిల్డా, గట్టిగానే. "ఎవరైనా అడగాలనుకుంటే అడగండి."

ఎవరూ అడగలేదు. ఆమె రొట్టె తీసుకుని బయటికి నడిచింది. పక్కన నడవడానికి మొహం చెల్లక, నోరిస్ రెండడుగులు వెనకే నడిచాడు.